కొంగుల కట్టి తెచ్చిన రొట్టె

మా వదినె సోమమ్మ సంగతి లాలాపేటల ఎవరినడిగినా ఒక్కటే చెప్తరు. మంచిది, మాట తక్వది, గుడికి తప్పది. అంతే. మంచోళ్ళ గురించి చెప్పుమంటె జనాలకు మాటలే రావు. నాకు వస్తయి. నేను ఆమె ఆడబిడ్డను, బుచ్చవ్వను. మాట కడుపుల పెట్టుకుంటే నాకు అన్నం అరగది. అసుంటి నేను ఒక మాట నెలల తరబడి కడుపుల పెట్టుకున్న, ఆమె కోసరం. ఇగ ఆ పని లేదు. గుడిల అందరి ముంగట బయట పడ్డదాన్ని నేను చెప్తే ఏమైతది.

ముందుగాల మా అన్న గురించి చెప్పాలె. మా అన్న ఉప్పలయ్య యూనివర్సిటీల మాలి. మాది జనగామ దిక్కు ఊరు. కరువుకు పట్నం వచ్చి, ఆర్ట్స్ కాలేజి ముంగట తోట పనికి కుదిరిండు. గడ్డికి నీళ్ళు పెట్టుడు, గులాబి మడులు తవ్వుడు, కంచె మొక్కలు కత్తెరతోని సాపుగ కోసుడు. ఆ రాతి మెట్ల మీద కూసున్న పిల్లలు "ఉప్పలన్నా, ఒక్క పువ్వియ్యే" అని ఎంత బతిలాడినా తెంపకపోతుండె. "సర్కారుది బిడ్డా, నాది గాదు" అంటుండె. మా వదినె అదే క్యాంపసుల ఆడపిల్లల హాస్టలు వంటింట్ల పని చేస్తది. కొన్నేండ్లకు నన్నూ నా పెనిమిటినీ గూడ పిలిపించుకున్నరు. లాలాపేటల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ.

వదినె మా మేనమామ బిడ్డ. మా మామోళ్ళ ఇల్లంత ఎప్పుడో ఏసయ్యను నమ్ముకున్నరు. మాది పోచమ్మకు బోనం చేసే ఇల్లు. అయినా మేనరికం మేనరికమే గద, లగ్గమైంది. అయిన కాడ్నుంచి ఆమె మా అన్నను గుడికి రా అని ఒక్కనాడు పోరు పెట్టలే. ఆమె పోతుండె, ఈయన తోడు పోతుండె. పోంగ పోంగ ఆయనకూ ఏసయ్య అలవాటైండు. వాళ్ళను చూసి నేను పోయిన, నా పెనిమిటి వచ్చిండు, ఇద్దరం బాప్తిస్మం తీసుకున్నం. మా అన్న ఒక్కడే మిగిలిండు.

నమ్మక మిగల్లే. మా అందరికంటె ఆయనే ఎక్కువ నమ్మిండు, చిక్కు గాడనే వచ్చింది.

మా గుడి తార్నాక చౌరస్త దాటినంక ఒక సందుల ఉన్నది. రేకుల కప్పు, ముంగట షాబాదు బండల అరుగు. దానయ్య అయ్యగారు మా పాస్టరు. మంచి మనిషే. గని వాక్యం దగ్గర ఒక్క అక్షరం పక్కకు జరగరు. ఈస్టరు ముందు ప్రతి యేడు బాప్తిస్మానికి వచ్చెటోళ్ళను చాప మీద కూసోబెట్టి ఒక్కొక్కరిని అడుగుతరు. వేరే దేవుళ్ళను మానుతవా? మానుత. కల్లు సారా మానుతవా? మానుత. నా పెనిమిటి గూడ మానుత అన్నడు. అన్ననాడు నోట్లకెల్లి వాసన గూడ పోలే ఆయనకు. అయినా నీళ్ళల్ల ముంచి లేపిండ్రు, దేవుని బిడ్డ అయిండు. ఆ మరుసటి వారమే కల్లు కంపౌండుల కనవడ్డడు. నేను వీపు మీద నాలుగు పెట్టిన, గది వేరే సంగతి.

మా అన్నను అడిగితే ఏమన్నడో తెలుసా. "మొదటిది మానిన అయ్యగారూ. రెండోది మానుత అని చెప్పలేను. పొద్దంత ఎండల నిలవడి వస్త, పొద్దుమీకి ఒక్క సీస తాగుత. ఇయ్యాల మీ ముంగట మానుత అని, మాపటికి పోయి తాగితే, నీళ్ళల్ల మునిగి అబద్ధమాడినట్టు గద."

"అయితే మానినంక రా ఉప్పలయ్యా" అన్నరు అయ్యగారు.

"సరే" అని లేచి వచ్చిండు. మల్ల యేడు మల్ల పోయి చాప మీద కూసున్నడు. మల్ల అదే అడిగిండ్రు, ఈయన అదే చెప్పిండు. ఇట్ల ఎన్నేండ్లు నడిచిందో నాకే యాది లేదు. నాకైతే ఒళ్ళు మండుతుండె. "మానుత అని ఒక్క మాటంటె నీ సొమ్మేం పోతదే అన్నా? లోపలున్నోళ్ళంత నిజం చెప్పే పోయిండ్రా" అని తిట్టిన. ఆయన నవ్వి, "వాళ్ళు మాననీకె చెప్పిండ్రేమో బుచ్చీ. నాకు నా సంగతి ఎరుకే గద" అన్నడు. అసుంటి మనిషితోని ఎట్ల కొట్లాడుతరు, నువ్వే చెప్పు.

నెలకొక్కసారి, మొదటి ఆదివారం, మా గుడిల ప్రభు బల్ల ఉంటది. ఏసయ్య తన శిష్యులకు రొట్టె విరిచి పెట్టిన యాదిల మేము గూడ ఇంత రొట్టె ముక్క తింటం, ఇంత ద్రాక్ష రసం తాగుతం. రొట్టె మా అమ్మగారే, అంటె అయ్యగారి భార్య శ్యామలాంబ అమ్మగారే, పులియని పిండితోని పెంక మీద కాలుస్తది. రసమంటె కిస్మిస్ పండ్లు నానవెట్టి పిసికింది. దానికి ముంగట అయ్యగారు లేచి, "బాప్తిస్మం కానివాళ్ళు దయచేసి బయట కూసోండి" అంటరు. అప్పుడు చిన్న పిల్లలు, కొత్తగ వచ్చినోళ్ళు, మా అన్న, లేచి అరుగు మీదికి పోతరు. తర్వాత అయ్యగారు ఒక వాక్యం చదువుతరు. తగని తీరుగ ఈ రొట్టె తింటె తీర్పును తిన్నట్టే, అందుకే కొందరు రోగాల పాలైతరు, కొందరు కన్ను మూస్తరు అని. ఆ వాక్యం చదివేటప్పుడు మాత్రం ఆయన గొంతు గట్టిగైతది. 

బయట అరుగు మీద మా అన్నకు ఆ పొద్దు చేతినిండ పని. చంటిపిల్లల తల్లులంత "ఉప్పలన్నా, జర పట్టుకో" అని పిల్లలను ఆయన ఒళ్ళె పడేసి లోపలికి పోతుండిరి. ఆయన ఒక్కొక్కన్ని ఒక్కొక్క మోకాలు మీద కూసోవెట్టుకొని, కిటికీల కెల్లి లోపలికి చూస్కుంట ఊపుతుండె. మా వదినెకు ఇద్దరు పుట్టి పురిట్లనే పోయిండ్రు. ఆయన ఆ పిల్లలను పట్టుకున్న తీరు చూస్తె నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగేటివి. అందరూ తిని బయటికొచ్చి తమ పిల్లలను తీస్కొని పోయేటోళ్ళు, ఆయన ఒట్టి చేతులతోని లేచెటోడు.

ఇంటికొచ్చేటప్పుడు తార్నాక రోడ్డు మీద నడుసుకుంట వదినెను ప్రతిసారి ఒక్కటే అడుగుతుండె. "ఎట్లున్నదే ఇయ్యాల రొట్టె?"

"రొట్టె రొట్టె లెక్కనే ఉన్నది" అంటుండె ఆమె.

"ఉప్పేస్తరా దాంట్ల?"

"ఏమో. ఎన్నడు చూస్కోలే. తినేటప్పుడు ఎవరన్న రుచి చూస్తరా?"

"నేనైతే చూస్త" అంటుండె మా అన్న.

వదినె ప్రార్థనల ఆయన గురించి ఒక్కటే మాట ఉంటుండె. పొద్దుగాల హాస్టల్ల పొయ్యి అంటించే ముంగట కండ్లు మూసుకొని, "ఆయన్ను లోపలికి పిలువు తండ్రీ" అంటుండె. బియ్యం కడిగేటప్పుడు అదే, ఇంట్ల దీపం ముట్టించేటప్పుడు అదే. నేను ఓపిక పట్టలేక, "మా అన్న లోపల నమ్మకం ఏమన్న పెరిగిందా, గట్లనే ఉన్నదా" అని ఎగతాళి చేస్తె, అన్ననే జవాబిచ్చిండు. "మొక్క నాటినంక రోజు తవ్వి ఏరు చూస్తె బతుకుతదా? నీళ్ళు పోస్కుంట ఉండాలె" అన్నడు.

పోయినసారి వానలు వెనక పట్టినంక మా అన్నకు కండ్లు పచ్చగైనయి. ముందు కామెర్లన్నరు, పసరు పోసిండ్రు. తర్వాత పెద్ద దవాఖానకు తీస్కపోయినం, ఉంచుకున్నరు, పంపిచ్చిండ్రు. లోపల పాడైంది, ఇంట్లనే చూస్కోండి అన్నరు. కడుపు ఉబ్బింది, చేతులు పుల్లలైనయి. నీళ్ళ బకెట్లు రెండు చేతుల మోసిన మనిషి, నిండు గిలాస ఎత్తలేకపోయిండు.

అప్పటికి కల్లు ఎన్నడో బందైంది. నేను సంబరపడి, "అన్నా, ఇగ మానినవు గద. అయ్యగారిని పిలుస్త, మంచం మీదనే బాప్తిస్మమిస్తరు" అన్న.

ఆయన నా మొఖం దిక్కు చూసి నవ్విండు. "నేను మానలే బుచ్చీ. అదే నన్ను మానింది. మంచం మీద పడి, మానిన అని చెప్పుకుంటె మోసం గాదా? లేచి, కంపౌండు ముంగట్నుంచి నడిచి, తాగకుంట ఇంటికొస్త. గా దినం పిలువు."

అయ్యగారు వారం వారం వచ్చి తలకాడ కూసొని ప్రార్థన చేసిండ్రు. ఒకసారి అడగనే అడిగిండ్రు, "ఇప్పుడన్న మానుతవా ఉప్పలయ్యా" అని. "మీరే చూస్తుండ్రు గద అయ్యగారూ, మానేటందుకు నా దగ్గర ఏమున్నది" అన్నడు మా అన్న. అయ్యగారు చిన్నగ నవ్వి, నెత్తి మీద చెయ్యి పెట్టి పోయిండ్రు. పోయి మల్ల వెనక్కి రావచ్చు, నాయనా నువ్వు చెప్పింది చాలు అని ఇన్ని నీళ్ళు చల్లచ్చు. చల్లలే. నియమం నియమమే ఆయనకు. వదినె గడప కాడ నిలవడి సందు చివరి దాక ఆయన వీపు దిక్కే చూసింది.

ఆ నెల మొదటి ఆదివారం వదినె ఒక్కతే గుడికి పోయింది. నేను అన్న దగ్గర కూసున్న. ఆమె వచ్చేసరికి ఎండ ఎక్కింది. లోపలికి వచ్చి, చెప్పులు గూడ ఇడువకుండ, "బుచ్చవ్వా, నల్లకాడికి పోయి ఇన్ని నీళ్ళు తేపో" అన్నది. కుండల నీళ్ళు నిండ ఉన్నయి. ఆ మాట నోటిదాక వచ్చింది, గని ఆమె మొఖం చూసి బిందె తీస్కొని పోయిన. తిరిగి వచ్చేసరికి మా అన్న కండ్లు మూసుకొని పండుకున్నడు, చెంపలు తడిసి ఉన్నయి. వదినె మంచం పట్టె మీద కూసొని కొంగు చివర మడతలు విప్పుతున్నది. ఆయనకు కొంచెం తెరిపిగున్నదని నేను వంటకు పోయిన.

బుధవారం పొద్దుగాల మా అన్న పోయిండు.

మా సంఘానికి సమాధుల తోట ఉన్నది. గాడ బాప్తిస్మమైనోళ్ళనే పెడ్తరు. మా అన్నను రైలు పట్టాల అవతల అందరి బొందలగడ్డల పెట్టినం. అయ్యగారు వచ్చిండ్రు. జర ఎడంగ నిలవడి, పుస్తకం చంకల పెట్టుకొని, తెరువకుండనే నాలుగు మాటలు ప్రార్థన చేసిండ్రు. నేను ఆయనతోని మాట్లాడలే. వదినె ఏడ్వలే. గంపెడు మట్టి పడేదాక గట్లనే నిలవడ్డది, చూసినోళ్ళకు భయమైంది.

మల్ల నెల ప్రభు బల్ల వచ్చింది. "బాప్తిస్మం కానివాళ్ళు బయట కూసోండి" అన్నరు అయ్యగారు. పిల్లలు లేచిండ్రు. నా పక్కన మా వదినె లేచింది. నేను కొంగు పట్టి గుంజిన, విడిపించుకొని పోయింది. పోయి అరుగు మీద మా అన్న కూసునే బండ మీదనే కూసున్నది. అమ్మలక్కలు ఒక్క నిమిషం చూసి, ఏమనుకున్నరో ఏమో, చంటిపిల్లలను తెచ్చి ఆమె ఒళ్ళె పెట్టిండ్రు. పుట్టుకతోనే క్రైస్తవురాలైన ఆడది, నాకు ఏసయ్య పేరు నేర్పిన ఆడది, బాప్తిస్మం లేనోళ్ళతోని బయట కూసున్నది. నా నోట్లె రొట్టె దిగలే ఆనాడు.

అప్పట్నుంచి ప్రతి నెల గంతే. సంఘంల గుసగుసలు మొదలైనయి. మొగడు పోయినంక ఏం తప్పు చేసిందో అన్నది ఒకామె. ఆమెకు నేను నల్లకాడ జవాబు చెప్పిన, మళ్ళ అనలే.

ఒకనాడు వదినెను తోల్కొద్దామని పోయిన, హాస్టలు నుంచి ఇద్దరం నడిచి వస్తున్నం. ఆర్ట్స్ కాలేజి ముంగట కొత్త మాలి గులాబి మడులకు నీళ్ళు పెడ్తున్నడు. వదినె గాడ ఆగింది. నేను ఇగ పట్టలేక అడిగిన. "ఎందుకు వదినా గట్ల చేస్తున్నవు? మనిషి పోయిండు, దేవుణ్ణి గూడ పోగొట్టుకుంటవా?"

"మీ అన్నను నేనే చంపిన బుచ్చవ్వా" అన్నది.

 గడ్డి మీద కూలవడ్డ. ఆమె నిలవడే చెప్పింది. ఆ ఆదివారం అయ్యగారు చేతిల పెట్టిన రొట్టె ముక్క ఆమె తినలే. కొంగుల ముడేసుకొని తెచ్చి మా అన్నకు పెట్టింది. ఎన్నేండ్ల సంది ఎట్లుంటదని అడిగినోడు, చూడకుండనే పోతడేమో అని పెట్టింది. తగనోళ్ళు తింటె కన్ను మూస్తరని వాక్యం ఉన్నది. ఆదివారం తిన్నడు, బుధవారం పోయిండు.

"పిస లేసిందా నీకు" అన్న నేను. "మా అన్నను కల్లు చంపింది. దవాఖానల చెప్పలేదా లోపలంత పాడైందని?"

"కల్లు పడుచుతనం సంది తాగిండు, ఒక్కనాడు పడుకోలే. రొట్టె ఒక్కపారి తిన్నడు."

"అది ఒట్టి రొట్టె వదినా. శ్యామలాంబ అమ్మగారు పెంక మీద కాల్చిన పిండి. పిండి మనుషులను చంపుతదా?"

అప్పుడు ఆమె నా దిక్కు చూసింది. "ఒట్టి రొట్టె అయితే, మీ అన్న ఏం తినకుండనే పోయినట్టు గద. నిజంగ ప్రభువు శరీరమైతే అది ఆయన్ను చంపింది. ఒట్టి పిండి అయితే ఆకలితోని పోయిండు. ఏదనుకోవాలె నేను?"

  అయ్యగారితోని చెప్దాం పా అన్న. "చెప్పినవంటె మీ అన్న మీద ఒట్టు" అన్నది. ఆ ఒట్టు నన్ను కట్టేసింది. ఆదివారం అయ్యగారు ఎదురైతే నా పెదవులు నేనే కొరుక్కున్న.

ఇంతల కొత్త యేడు వచ్చింది, తెలంగాణ కావాలెనని పిల్లలు సమ్మె పట్టిండ్రు. క్యాంపసుల జులూసులు, తార్నాక చౌరస్తల పోలీసులు, బస్సులు బంద్. హాస్టలు ఖాళీ అయింది, వంటిల్లు మూసిండ్రు. అప్పటిదాక వదినెను నిలవెట్టింది ఆ పొయ్యి ముంగటి పనే. అది పోయినంక ఇంట్ల కూసున్నది. అన్నం ముంగట పెడ్తె కెలుకుతది, లేస్తది. ప్రార్థన బంద్ వెట్టింది. పొయ్యి అంటించే ముంగట కండ్లు మూసుకునే మనిషి, కండ్లు తెరుచుకొనే అగ్గిపుల్ల గీస్తది. "ఇగ ఎవరిని పిలువుమని అడగాలె" అన్నది ఒకసారి. నాకు భయమైంది. అన్న పోయిండు, ఆయన వెనక ఈమె గూడ పోతదని నాకు కండ్ల ముంగటనే కనవడ్డది.

ఒట్టు తప్పకుంట చేసే పని ఒకటున్నది. నేను అయ్యగారి ఇంటికి పోయి, "మా వదినెను చూడ రాండ్రి. ఎందుకని నన్ను అడగకుండ్రి, ఆమెను అడుగుండ్రి" అన్న. బస్సులు లేవు, ఎండలు ముదిరినయి. ముసలాయన తార్నాక నుంచి లాలాపేట దాక నడిచే వచ్చిండ్రు. అంగీ అంత చెమటతోని తడిసింది. మా అన్న పండుకున్న మంచం మీదనే కూసున్నరు. నేను గడపల కూసున్న, పొమ్మన్నా పోదునా.

"సోమమ్మా, ప్రభు బల్ల కాడికి ఎందుకు వస్తలేవమ్మా" అని అడిగిండ్రు.

 నేను ఆమెను కోపంగ చూసిన, బతిలాడినట్టు చూసిన, దగ్గిన. ఆఖరుకు చెప్పింది. కొంగుల ముడేసింది చెప్పింది, పెట్టింది చెప్పింది. నేను నడుముకు కొంగు బిగించిన. అయ్యగారు ఆ వాక్యం మల్ల గొంతు గట్టిగ జేసి చదివిండ్రంటె ఆయన అయ్యగారనేది గూడ చూడనని అనుకున్న.

ఆయన వాక్యం చదవలే. చాన మెల్లగ, "తిన్నంక ఏమన్నడమ్మా" అని అడిగిండ్రు.

ఆ మాట నేను గూడ ఎన్నడు అడగలే. 

"తినే ముంగటనే అడిగిండు అయ్యగారూ. రొట్టె నోటి దగ్గర పెడ్తె నోరు మూసుకున్నడు. 'అయ్యగారు పంపిండా' అన్నడు. నాకేం చెప్పాలెనో తెల్వలే. 'పంపిండు' అన్న. 'నిజంగనా' అన్నడు. 'నిజమే, నీకియ్యమని ఆయనే ఇచ్చిండు' అన్న. అప్పుడు నోరు తెరిచిండు. 'అయితే నన్ను గూడ లోపలికి పిలిచిండన్న మాట' అని ఏడ్చుకుంట తిన్నడు. మెల్లగ నమిలి నమిలి తిన్నడు. తిని, 'ఉప్పు లేదే' అన్నడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆమె మల్ల అన్నది. "ఒక్క అబద్ధమాడితే లోపలికొస్తుండె ఆయన. ఆడలేదని ఇన్నేండ్లు బయట కూసున్నడు. అసుంటోని నోట్లె నేను అబద్ధంతోని రొట్టె పెట్టిన అయ్యగారూ."

నాకు అప్పుడు అర్థమైంది ఆమెకు ముద్దెందుకు దిగుతలేదో. అయ్యగారు రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, ఆ మంచం నులక దిక్కు చూసుకుంట కూసున్నరు. తర్వాత లేచి, ప్రార్థన గూడ చెయ్యకుండ చెప్పులేసుకొని పోయిండ్రు. నాకు మండింది. ఒక్క మాట ఓదార్పు చెప్పకుండ పోయే అయ్యగారు ఎందుకని సందు మలుపు దాక వినవడేటట్టే అన్న.

వచ్చే ఆదివారమే ప్రభు బల్ల. వదినె వస్తదనుకోలే, వచ్చింది. "బాప్తిస్మం కానివాళ్ళు బయట కూసోండి" అన్న మాట ఎప్పుడొస్తదా అని అందరం చూస్తున్నం. అయ్యగారు ఆ మాట అనలే. అనకున్నా వదినె అలవాటు కొద్ది లేచి అరుగు మీదికి పోయింది. ఇద్దరు తల్లులు పిల్లలను తెచ్చి ఒళ్ళె పెట్టిండ్రు. అయ్యగారు వాక్యం చదవ మొదలువెట్టిండ్రు. తీర్పు అనే మాట కాడికి వచ్చి ఆగిండ్రు.  పుస్తకం మూసిండ్రు. రొట్టె పళ్ళెం చేతిల పట్టుకొని, మా నడుమ నుంచి నడిచి, తలుపు దాటి అరుగు మీదికి పోయిండ్రు. గుడంత మెడలు తిప్పింది. నేను లేచి తలుపు కాడ నిలవడ్డ.

వదినె ముంగట ఆయన నిలవడ్డరు. అందరికి వినవడేటట్టే, వాక్యం చదివే గొంతుతోనే చెప్పిండ్రు.

"సోమమ్మా, ఆనాడు ఉప్పలయ్యకు రొట్టె పంపింది నేనే."

వదినె తల లేపింది. "మీరు పంపలే అయ్యగారూ."

"పంపవలసింది నేనమ్మా. నా ముంగట ఎంతమందో మానుత అన్నరు, అందరికి రొట్టె ఇచ్చిన. నిజం చెప్పినోడు ఒక్కడే, ఆయన్ను ఈ అరుగు మీద కూసోవెట్టిన. లోపలికెల్లి ఈడికి ఎంత దూరమమ్మా? ఒక్కనాడు నడిచి తేలే. నేను చెయ్యాల్సిన పని నువ్వు చేసినవు. పంపిండని నువ్వు చెప్పినవు గద. పంపిన. నువ్వు చెప్పిన మాట నాది."

అయ్యగారు గుడి ముంగట నిలవడి లేనిది ఉన్నట్టు చెప్పిండని ఇప్పటికీ సంఘంల కొందరంటరు. అననీ. మా అన్న ఒళ్ళె తమ పిల్లలను పడేసి లోపలికి పోయి తిన్నోళ్ళే వాళ్ళంత.

వదినె చేతులల్ల పిల్లలున్నరు. నేను పోయి ఇద్దరిని ఎత్తుకున్న. ఆమె రెండు చేతులు చాపలే, ఒళ్ళెనే పెట్టుకున్నది. "మరి ఆయన్ను సమాధుల తోటల పెట్టకపోతిమి గద అయ్యగారూ" అన్నది.  అయ్యగారి కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయి, తుడుచుకోలే ఆయన. "లేదమ్మా, పెట్టలే" అన్నరు. "నన్ను గూడ ఆయన పక్కనే పెట్టాలె. తోటల వద్దు" అన్నది వదినె. "నేనే వచ్చి పెడ్త. నేను ముందు పోతే రాసి పెట్టి పోత" అన్నరు అయ్యగారు.

అప్పుడు ఆమె అరచెయ్యి చాపింది. ఆయన రొట్టె ముక్క పెట్టిండ్రు. నోట్లె పెట్టుకున్నది. మెల్లగ నమిలింది, చాన సేపు నమిలింది. నములుకుంటనే ఏడుపు మొదలైంది. మా అన్న పోయిన కాడ్నుంచి రాని ఏడుపు, పట్టాల అవతల మట్టి పోసేటప్పుడు రాని ఏడుపు, అంతా ఆ అరుగు మీద వచ్చింది. నా చేతుల్లున్న పిల్లలు భయపడి వాళ్ళూ ఏడ్చిండ్రు. నేనేమన్న తక్కువనా, నేనూ ఏడ్చిన. లోపల ఎవరో పాట ఎత్తుకోబోయి ఊకున్నరు.

బస్సులు ఇంక సరిగ నడుస్తలేవు. ఇద్దరం తార్నాక రోడ్డు మీద నడిచే వచ్చినం. దుకాణాలు మూసున్నయి. వదినె నాకంటె ఒక అడుగు ముంగట పోతున్నది, మా అన్న ఉన్నప్పుడు ఆయన నడిచే పక్క ఖాళీ ఇడిచిపెట్టి. ఏమన్న మాట్లాడాలె గద, నాకు వేరే మాట దొరకలే. మా అన్న అడిగేదే అడిగిన.

"ఎట్లున్నదే వదినా ఇయ్యాల రొట్టె?"

ఆమె నడక ఆపలే.

"మీ అన్న నిజమే చెప్పిండు బుచ్చవ్వా" అన్నది. "ఉప్పు లేదు."